తూర్పు గోడకు ఫైబర్ సిమెంట్ పలకలు: విశాఖలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు విశాఖపట్నంలో, రుషికొండ వైపు వెళ్లే బీచ్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. ఆర్‌సీసీ పిల్లర్లు, బీములు, మధ్యలో ఫ్లై యాష్ ఇటుక గోడలు. పై అంతస్తులో సముద్రం వైపు గోడ మాత్రం నాలుగున్నర అంగుళాలదే. గదిలో కాస్త చోటు కలిసొస్తుందని కట్టినప్పుడే అలా లేపారు. ముప్పై రెండు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, రెండు కిటికీలు. వానాకాలమంతా ఆ గోడకు లోపల చెమ్మ. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పడిందంటే కిటికీ కింద నుంచి నీళ్లే కారేవి. బీరువాను అవతలి గోడకు జరిపేశారు. మంచం తలాపు కూడా మార్చేశారు.

ఇంటాయన రిటైరైన హెడ్మాస్టరు. నీళ్లు రాకుండా సాగే రకం పెయింట్ రెండుసార్లు వేయించారు. రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే బుడగలు లేచి పొరలుగా ఊడింది. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్‌లో తన ఇంటి ఫొటో పంపి "ఇలాంటి పలకలు కొట్టించండి నాన్నా" అన్నాడట. మాస్టారు ఆ ఫొటోనే నాకు చూపించారు. ఒకదాని మీదొకటి ఎక్కిన ఫైబర్ సిమెంట్ (సిమెంటులో నార కలిపి చేసిన) అడ్డపలకలు, లేత బూడిదరంగు, చక్కగా ఉంది. అయితే అక్కడ ఆ పలకల వెనక ఉండేది చెక్క ఫ్రేమ్, దాని మీద ఊపిరాడే గుడ్డలాంటి పొర. ఇక్కడ ఉన్నది ఇటుక, సిమెంటు. అక్కడి మాన్యువల్‌ను ఇక్కడ ఉన్నదున్నట్టు దించేస్తే కుదరదు. పలక అదే, దాని వెనక పని వేరు. ఈ ఇంట్లో నా సమయం, మాస్టారి డబ్బు ఎక్కువ పోయింది కూడా ఆ వెనక పనికే.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి

పలకలు కొట్టే ముందు ఇది తేలాలి. పిట్టగోడ పైనుంచో, బాత్‌రూమ్ పైపు నుంచో దిగుతున్న నీటికి ముందు ఎంత అందమైన తొడుగు వేసినా ప్రయోజనం లేదు. కనబడకుండా పోతుంది కాబట్టి ఇంకా ముదురుతుంది.

ముందు సుత్తి పిడితో గోడంతా తట్టి చూశాం. కిటికీల కింద, పై బీముకు ఆనుకొని ప్లాస్టరింగ్ గుల్లగా మోగింది. తర్వాత హోస్ పైపు పరీక్ష. దీన్ని కిందనుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి కొడితే నీళ్లు గోడంతా జారి, ఏ చీలికలోంచి దూరాయో తెలియదు. కింద మూడడుగుల పట్టీని తడుపుతూ ఉంటే లోపల ఒక మనిషి టార్చి పట్టుకొని గోడను చూస్తుంటాడు. ఏమీ లేకపోతే ఇంకాస్త పైకి.

మూడు దారులు దొరికాయి. కిటికీ బయటి గట్టుకు అడుగున నీరు తెగిపడే గాడి లేదు, పైగా వాలు లోపలికుంది. బీము కింద ఇటుక ఆనే చోట గోడ పొడవునా వెంట్రుకంత చీలిక ఉంది. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకే తీరున వ్యాకోచించవు. ఆ అతుకు మీద మెష్ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే ఈ చీలిక వచ్చి తీరుతుంది. మూడోది పిట్టగోడ పైతలం. అది పగిలి నీళ్లు గోడ లోపలికే దిగుతున్నాయి. పెయింట్ ఊడిపోవడానికి కారణం అదే. పైనుంచి ఇటుకలోకి దిగిన నీరు ఎండకు ఆవిరై బయటికి పోదామంటే మందపాటి పెయింట్ అడ్డం. అది బుడగలై పేలింది. వెంటే ఉప్పు తెల్లగా తేలింది. పెయింట్ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

అందుకని మొదటి పని పలకలది కాదు, మేస్త్రీది. గుల్ల ప్లాస్టరింగ్ కొట్టేసి, బీము అతుకు మీద మెష్ వేసి తిరిగి పూశాం. పిట్టగోడ మీద లోపలికి, అంటే డాబా వైపు వాలుండేలా గ్రానైట్ పలక పరిచాం. దాని అంచు గోడకు బయటికి రెండంగుళాలు, అడుగున గాడి. ఊడిన పెయింటంతా గీకించి సిమెంటు-పాలిమర్ కోటింగ్ రెండు చేతులు వేయించాం. ఇది నీటిని ఆపుతుంది, ఆవిరిని చాలావరకు పోనిస్తుంది.

"ఇంత చేశాక ఇక పలకలెందుకు బాబూ?" అని మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. తొమ్మిదంగుళాల గోడ అయితే అక్కడితో ఆపమనే చెప్పేవాణ్ణి. నాలుగున్నర అంగుళాల గోడకు సముద్రపు గాలి వానను అడ్డంగా కొడుతుంటే, ఎంత బాగా పూసినా మరో రెండేళ్లకు ఏదో ఒక వెంట్రుక చీలిక వస్తుంది. వాన గోడను తాకకుండానే ఆపాలి. గోడకు పెయింట్ తొడగడం రెయిన్‌కోటు అయితే, సందు వదిలి పలకలు కట్టడం గొడుగు పట్టడం. గొడుగు కింద గాలి ఆడుతుంది.

ఆస్బెస్టాస్ అనుమానం

బోర్డు శాంపిల్ చూడగానే మాస్టారి భార్య "ఇవి సిమెంటు రేకులే కదా" అన్నారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్‌షెక్ 1900 ప్రాంతంలో కనిపెట్టిన పద్ధతి ఇది. సిమెంటు, నార కలిపిన జావను పల్చటి పొరలుగా చుట్టి షీటు చేస్తారు. ఆ నార దశాబ్దాల పాటు ఆస్బెస్టాసే. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి తీస్తుందని తేలాక, 1980ల్లో ఆస్ట్రేలియా కంపెనీలు చెక్కగుజ్జు నారకు మారాయి. మన దేశంలో ఆస్బెస్టాస్ రేకులు ఇప్పటికీ అమ్ముతున్నారు కాబట్టి, కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేదని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాల్సిందే.

రెండో విషయం ఐఎస్ 14862. ఫైబర్ సిమెంట్ ఫ్లాట్ షీట్లకు మన ప్రమాణం అది. అందులో ఏ టైపు బయట ఎండావానలకు, బీ టైపు ఇంటి లోపలికి. ఫాల్స్ సీలింగ్‌కు తెచ్చిన బోర్డు మిగిలిపోతే బయట కొట్టేసే వాళ్లున్నారు. చూడ్డానికి రెండూ ఒకటే. మొదటి రెండు వానాకాలాలు ఒకటిగానే ఉంటాయి కూడా. మూడోది, ఆటోక్లేవ్‌లో ఆరినదా కాదా. సుమారు 180 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడి కింద ఉడికిన బోర్డు తర్వాత తడికీ ఎండకూ తక్కువ కదులుతుంది. మామూలుగా గాలికి ఆరినది ఎక్కువ కుంచించుకుంటుంది, అతుకుల దగ్గర నోళ్లు తెరుస్తుంది.

మేం తీసుకున్నది 8 మిల్లీమీటర్ల మందం, 200 మిల్లీమీటర్ల వెడల్పు, పదడుగుల పొడవున్న పలకలు. బరువు, ఎక్కుడు (ఒక పలక మీద ఇంకోటి ఎక్కే మేర) కలుపుకొని చూస్తే, చదరపు మీటరుకు పన్నెండు పదమూడు కిలోలు. అదే గోడకు 20 మిల్లీమీటర్ల గ్రానైట్ అంటిస్తే యాభై కిలోలు దాటుతుంది. కొనేవాళ్లు లెక్కలో జారిపడే చోటొకటి ఇక్కడ ఉంది. షాపువాడు పలక మొత్తం వైశాల్యానికి ధర చెబుతాడు. కానీ ఒక పలక మీద ఇంకో పలక 32 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. కనబడేది 168 మిల్లీమీటర్లే. అంటే నూరు చదరపు అడుగులు కొంటే గోడ మీద కప్పేది ఎనభై నాలుగు. ఆపైన కటింగ్ వేస్టు.

గాలి లెక్క, ఫ్రేమ్

కట్టడాల మీద పడే భారాలకు మన ప్రమాణం ఐఎస్ 875. దాని మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44. ఇది కాగితం మీది అంకె కాదని ఇక్కడివాళ్లకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూపించింది. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది. 50కి అది చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, రమారమి నూట యాభై కిలోల బరువు. గాలి గోడను తోయడం కంటే, ఇంటి మూలల దగ్గర బయటికి పీకడం ప్రమాదం.

పలకలను బిగించే నిలువు పట్టీలు (సెక్షన్లు) 400 మిల్లీమీటర్లకు ఒకటి పెడితే ఒక్కో స్క్రూ మీద పడే లాగుడు సుమారు పది కిలోలు. స్క్రూకు అదొక లెక్క కాదు. ఓడిపోయేది బోర్డు. స్క్రూ ఉన్నచోటే ఉంటుంది, దాని తల చుట్టూ బోర్డు చిరిగి పలక ఎగిరిపోతుంది. అందుకే ఇక్కడ రెండు విషయాల్లో నేను బేరమాడను. స్క్రూ తల బోర్డుతో సమంగా ఆగాలి. మిషన్ జోరుకు లోపలికి దిగి పైపొరను పగలగొడితే ఆ స్క్రూ లేనట్టే, దాని పక్కన ఇంకోటి వేయాలి. రెండోది, స్క్రూను పలక పై అంచున దాచేసి దాని మీద తర్వాతి పలక కప్పే పద్ధతి తుపాను తీరానికి పనికిరాదు. అందులో పలక అడుగు అంచు స్వేచ్ఛగా ఉంటుంది. గాలి దాన్ని పట్టుకొని మీటుతుంది. మేం ఎక్కుడు దగ్గర పైనుంచి కనబడేలా స్క్రూ వేసి రెండు పలకలనూ కలిపి బిగించాం. అబ్బాయి పంపిన ఫొటోలో స్క్రూలు లేవు. మాస్టారు కాసేపు అలిగారు. పెయింట్ పడ్డాక పదడుగుల దూరం నుంచి కనబడవని ఒక ముక్క మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

ఇక ఫ్రేమ్. జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుప సెక్షన్లు చవక. కానీ ఉప్పుగాలిలో, అందులోనూ కోసిన అంచుల దగ్గర జింకు పూత ఉండని చోట, తుప్పు త్వరగా మొదలవుతుంది. అది పలకల వెనక జరుగుతుంది కాబట్టి పలక ఊడేదాకా తెలియదు. అల్యూమినియం బాక్స్ సెక్షన్లు, 50 బై 38, తీసుకున్నాం. స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్. 304 చాలదా అని ఫ్యాబ్రికేటర్ అడిగాడు. ఊళ్లో చాలు, అలల చప్పుడు వినబడే చోట చాలదు. బ్రాకెట్‌కు, సిమెంటు గోడకు మధ్య రబ్బరు ప్యాడ్ పెట్టాలి. తడి సిమెంటు క్షారం అల్యూమినియాన్ని తింటుంది.

అసలు చిక్కు ఈ ఫ్రేమ్‌ను దేనికి పట్టించాలన్నది. నాలుగున్నర అంగుళాల ఫ్లై యాష్ ఇటుకలో ఎక్స్‌పాన్షన్ బోల్టు బిగిస్తే ఇటుక చీలుతుంది. కాంక్రీటు ఉన్నచోట్లు వెతుక్కున్నాం: కింద ఫ్లోర్ బీము, ఏడడుగుల దగ్గర, కిటికీల మీదుగా గోడ పొడవునా ఉన్న కాంక్రీటు పట్టీ (లింటెల్), పైన స్లాబ్ బీము. ప్రతి నిలువు సెక్షనూ ఈ మూడింటికి యాంకర్లతో పట్టింది. బరువూ గాలీ మోసేది ఇవే. కింది బీముకు, లింటెల్‌కు మధ్య ఎడం ఎక్కువ కాబట్టి మధ్యలో ఒక బ్రాకెట్‌ను ఇటుకకే, కెమికల్ యాంకర్‌తో (రంధ్రంలో జిగురు నింపి బిగించేది), జాలీ గొట్టం పెట్టి పట్టించాం. మూలల నుంచి నాలుగడుగుల మేర సెక్షన్ల ఎడాన్ని 300 మిల్లీమీటర్లకు తగ్గించాం.

గోడ వంకరగానే ఉంటుంది, ఏ గోడైనా. పైనుంచి కిందికి గుండు వదిలితే ఒకచోట ముప్పావు అంగుళం తేడా వచ్చింది. బ్రాకెట్లలో ముందూ వెనకా జరుపుకునే కోల రంధ్రాలుంటే ఆ తేడా అక్కడే సర్దుకుంటుంది. పలకల దగ్గర సర్దుదామనుకుంటే పలక వంగి పగులుతుంది.

పలకలకు, గోడకు మధ్య సందు అడుగున తెరిచి ఉండాలి, పైన కూడా. గ్రానైట్ అంచు కింద వేలెడు ఎడం వదిలాం. అడుగున చిల్లుల అల్యూమినియం పట్టీ పెట్టాం. లేకపోతే కందిరీగలు, బల్లులు కాపురం పెడతాయి. పోర్టికో స్లాబ్ కలిసే చోట పలక అడుగు అంచు స్లాబ్‌కు రెండంగుళాలు పైనే ఆగింది. అక్కడ నీళ్లు నిలిస్తే బోర్డు అంచు పీల్చేసుకుంటుంది.

కోత, ధూళి, ఎక్కింపు

పలకలు వచ్చిన రోజే సగం గొడవ. ఇద్దరు కూలీలు రెండు కొసలూ పట్టుకొని పడుకోబెట్టి మోసుకొస్తే నడుమ విరిగిపోతుంది. నిలువుగా, అంచు మీద పట్టి మోయాలి. దించాక చదునైన చోట దుంగల మీద పడుకోబెట్టి టార్పాలిన్ కప్పాలి. తడిసిన పలకను కొడితే అది గోడ మీద ఆరి కుంచించుకుంటుంది. తర్వాత అతుకు తెరుచుకుందని పెయింటర్‌ను తిడతారు.

కోత గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మార్బుల్ బ్లేడు పెట్టిన చేతి గ్రైండర్‌తో ఈ బోర్డును కోస్తే తెల్లటి పొగలా ధూళి లేస్తుంది. ఆస్బెస్టాస్ లేకపోయినా ఇందులో సిలికా ఉంది. ఆ సన్నటి ధూళి ఏళ్ల తరబడి పీల్చినవాడికి సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. వచ్చిందంటే అధికారులకు తెలపాల్సిందేనని చట్టం చెప్పిన జబ్బుల్లో అదొకటి. మొహానికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు. తిన్నటి కోతలన్నీ కార్బైడ్ మొన ఉన్న కత్తితో గీసి, బల్ల అంచు మీద విరిచాం. దాదాపు ధూళి లేని పద్ధతి, పైగా చేయి తిరిగితే గ్రైండర్ కంటే వేగం. కిటికీ మూలలకు, పైపులకు మాత్రం రంపం వాడాల్సి వచ్చింది. అవన్నీ పెరట్లో ఒకేచోట, గాలివాలు చూసుకొని, ఎన్95 మాస్కుతో. ఆగస్టు ఉక్కలో మాస్కు పెట్టుకొని గంట పనిచేయడం కష్టం, అందుకే కోసేవాణ్ణి మారుస్తూ ఉన్నాం. పక్కింటావిడ ఆరేసిన బట్టల్ని ముందే తీయించాం.

కిటికీ మూలకు పలకను ఎల్ ఆకారంలో కోసినప్పుడు ఆ లోపలి కోణం నుంచే పగులు పుడుతుంది. ముందు ఆ కోణంలో గుండ్రటి రంధ్రం వేసి, దాని దాకా కోస్తే పగులు రాదు. స్క్రూను ఆ కోణానికి రెండంగుళాల లోపు వేయకూడదు.

మొదటి పలక కింద బోర్డు మందం ఉన్న పట్టీ ఒకటి కొట్టాలి. లేకపోతే మొదటి వరస నిట్టనిలువుగా, మిగతావి వాలుగా కనబడతాయి. తర్వాత ఒక కర్ర మీద వరసల గుర్తులన్నీ వేసుకొని, దాన్ని గోడ రెండు కొసల్లో నిలబెట్టి దారం పట్టాం. కిటికీ పైగట్టు దగ్గర మరీ సన్నటి పలక ముక్క రాకుండా వరసలను రెండు మూడు మిల్లీమీటర్లు ముందే సర్దుకోవచ్చు. అతుకులన్నీ సెక్షన్ మీదే రావాలి, పక్క వరసల్లో ఒకదాని మీదొకటి రాకూడదు. ప్రతి అతుకు వెనకా ఆరంగుళాల వెడల్పు అల్యూమినియం రేకు ముక్క, దాని అడుగు కింది పలక మీదికి వచ్చేలా. అతుకులో దూరిన నీరు ఆ రేకు మీదుగా మళ్లీ బయటికే వస్తుంది. కోసిన ప్రతి అంచుకూ అక్కడికక్కడే ప్రైమర్. పైకెక్కాక చూద్దామంటే ఎవడూ చూడడు.

కిటికీల పైన వాలుగా వంచిన రేకు పెట్టి, దాని రెండు చివర్లూ పైకి మడిచాం. రేకుకు, పై పలకకు మధ్య పావంగుళం ఎడం. దాన్ని మూయకూడదు.

సరిగ్గా అక్కడికే పెయింటర్ పుట్టీ డబ్బా, సీలెంట్ గన్ పట్టుకొని పరంజా ఎక్కాడు. సందు కనిపిస్తే పూడ్చడం అతని వృత్తిధర్మం. పలకల అడుగు అంచులు, కిటికీ పైరేకు మీది ఎడం, అడుగు చిల్లుల పట్టీ, ఇవేవీ పూడ్చడానికి వీల్లేదు. ఇవి మూస్తే లోపలికి చేరిన నీటికి దారి ఉండదు, మళ్లీ పాత కథే. పలక నిలువుగా కిటికీ ఫ్రేమ్‌ను తాకే చోట్లు మాత్రమే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్. మాటలతో చెబితే నిలవదని, పూడ్చకూడని చోట్లన్నిటికీ ఎర్ర టేపు అంటించి, అది నేనే తీస్తానన్నాను. పలకలకు పుట్టీ అసలు వద్దు. క్షారాన్ని తట్టుకునే ప్రైమర్, దాని మీద అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ పెయింట్ రెండు చేతులు, రంగు లేతది.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సంగతి ముందే తేల్చుకున్నాం. దాని స్టాండును పలకలకు బిగిస్తే అదురుకు బోర్డు పగులుతుంది. లింటెల్ కాంక్రీటు నుంచి పలక బయటిదాకా స్టెయిన్‌లెస్ రాడ్లు తీసి, స్టాండు వాటికే వేలాడేలా చేశాం. పైపులకు బయటికి వాలున్న పీవీసీ స్లీవ్. సీసీ కెమెరాకు, దండేనికి కూడా చోట్లు అడిగి పెట్టుకున్నాం. పని అయ్యాక కేబుల్ కుర్రాడొచ్చి ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టకుండా.

తర్వాత

ఆ ఏటి అక్టోబరు వానలకు లోపలి గోడ పొడిగానే ఉంది. మాస్టారు బీరువాను మాత్రం వెనక్కి జరపలేదు. ఇంకో వానాకాలం చూస్తానన్నారు. నాకది సబబుగానే తోచింది.

ఫిర్యాదు వేరేది వచ్చింది. పొద్దున్నే ఎండ పడగానే గోడలోంచి టక్ టక్‌మని చప్పుడు. అల్యూమినియం పదడుగుల పొడవుకు, ముప్పై డిగ్రీల వేడి తేడాకు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే సెక్షన్‌ను లింటెల్ దగ్గర గట్టిగా బిగించి, మిగతా చోట్ల కోల రంధ్రాల్లో జారేలా వదలాలి. రెండు సెక్షన్లకు కింది బోల్టును బిగుతుగా తిప్పేశారు. సాగే చోటు లేక అది ఆగి, ఒక్కసారిగా జారి చప్పుడు చేస్తోంది. అడుగు చిల్లుల పట్టీ విప్పి, ఆ నట్లు అరచుట్టు వదులు చేశాక తగ్గింది. అడుగున తెరుచుకునే పట్టీ పెట్టుకున్నందుకు పలక ఒక్కటీ విప్పాల్సిన పని పడలేదు.

ఏడాదికోసారి మామూలు హోస్‌తో ఉప్పు కడగమని, ప్రెషర్ వాషర్ పెట్టొద్దని, వానలకు ముందు అడుగు పట్టీ చిల్లులు చూడమని రాసిచ్చాను. గోడ బాగా కనబడేసరికి ఉత్తరం వైపు కూడా ఇలాగే కొట్టించమని మాస్టారు అడిగారు. ఆ గోడ తొమ్మిదంగుళాలది, పక్కిల్లు అడ్డం, వాన పెద్దగా తగలదు. పిట్టగోడ మీద గ్రానైట్ పరిపించి, మామూలు పెయింట్ వేయించుకోమన్నాను.